మూడో పాటకు ముందు వచ్చే గొంతు

సిగ్నీ,

నీ ఆల్బంలో నా గొంతు గుర్తుపట్టలేక నవ్వానని మీ అమ్మతో అన్నావట. తప్పు. రెండో మాటకే గుర్తుపట్టాను. కోల్బీ నిన్ను వదిలి వెళ్ళిన వారం నువ్వు ఫోన్ ఎత్తకపోతే నేను నీ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టిన మాటలే అవి: "గిటారు వాయించేవాడి కోసం ఇంత ఏడుపా? లేచి తలస్నానం చెయ్యి."

డులూత్‌లో నీ ఆల్బం మొదటిసారి వినిపించిన రోజు, మూడో పాటకు ముందు వచ్చిన ఆ మాటలకు హాలంతా నవ్వింది. పక్కన కూర్చున్న నా స్నేహితురాలు వెర్నా నన్ను మోచేత్తో పొడిచి, "ఎవరే ఈ రాకాసి ముసల్ది? పిల్ల కుమిలిపోతుంటే తలస్నానం చెయ్యమంటుందేంటి!" అంది. "ఎవరో నటి అయ్యుంటుందిలే" అని నేనూ నవ్వాను.

తర్వాత నువ్వు పాట అందుకున్నావు. ఆ వారమంతా నువ్వు మంచం దిగలేదని నాకు అప్పుడే తెలిసింది. ఇక తలెత్తలేకపోయాను.

నేను నొచ్చుకుంటానని, రికార్డులు తయారయ్యేలోగా ఆ ముక్క తీసేస్తానన్నావట. తీయకు. అది లేకపోతే ఆ పాటలో నువ్వు ఎవరికి జవాబు చెబుతున్నావో వినేవాళ్ళకు తెలియదు.

రేపు పొద్దున్నే ఆల్బం అట్ట అచ్చువేసేవాళ్ళకు ఫోన్ చెయ్యి. నా పేరు ఇంటిపేరుతో సహా వెయ్యమను. కృతజ్ఞతల కింద కాదు, గొంతు ఇచ్చినవాళ్ళ వరసలో. మొదటి కాపీ నాకు పంపు. వెర్నా ఇంటికి నేనే పట్టుకెళ్ళాలి.

అమ్మమ్మ