ఒరిగిన ఓడ

బావా,
నేను బాగున్నాను. పని వదల్లేదని అక్కకి ముందు చెప్పు. ఇక్కడ పాతకాలం పెద్ద ప్రయాణికుల ఓడల బొమ్మలకి ఫ్రేములు కడుతున్నాను. ఒకావిడ ఒకే బొమ్మ రెండుసార్లు వెనక్కి తెచ్చింది, "ఓడ ఒరిగిపోతోందయ్యా" అంటూ. మళ్లీ తెస్తే నన్ను ఇంటికి పొమ్మన్నాడు ఓనరు. నువ్వు గోడకి దారం పట్టినట్టే పట్టి చూశాను. ఫ్రేము తిన్నగానే ఉంది, సముద్రమే వంకరగా అచ్చయింది. బొమ్మ చుట్టూ వేసే అట్టని సముద్రపు గీతకి సమంగా కోసి కట్టాను. నిన్న ఆవిడ గుమ్మంలో కనబడగానే సంచి సర్దుకోబోయాను. తీరా చూస్తే ఇంకో రెండు ఓడలు తెచ్చింది, నాచేతే కట్టించమని. నీ దగ్గర తాపీపనిలో తిన్న తిట్లకి దండం బావా. పాపకి దగ్గు తగ్గిందా? మట్టం చూసుకోడానికి నీ పాత రసమట్టం పంపు, ఇక్కడే ఉంటాను.
నీ బామ్మర్ది