కోపాన్ని మింగేసిన ఏటవాలు కుర్చీ

హూడి, జూన్ 3

జిగణి ఏటవాలు ఫర్నిచర్ షెడ్డు మేస్త్రీ పాపక్క గారికి,

నమస్కారాలతో కాదు, నిరసనతో రాస్తున్నాను.

నా యాభయ్యో పుట్టినరోజుకి మా ఆవిడ పద్మావతి మీ దగ్గర ఓ కుర్చీ, ఓ దీపం చేయించింది. కుర్చీ వెనక్కి వాలింది. దీపం పక్కకి ఒరిగింది. ఒరగనీయండి, ఇప్పుడదే ఫ్యాషనట! కానీ నేను ఇరవై ఏళ్ళుగా ఓ వారపత్రికలో ప్రభుత్వాన్ని కడిగేస్తున్న మనిషిని. కోపం నా వృత్తి. మీ కుర్చీలో కూర్చుని 'సిగ్గులేని పాలకులారా' అని మొదలుపెడితే వీపు ఆనుకుంటుంది, కాళ్ళు చాచుకుంటాయి, 'పాపం, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి' అనిపిస్తుంది. మూడు వారాలుగా ఒక్క వ్యాసం లేదు. మధ్యతరగతిని జోకొట్టే కుట్ర కాక ఇదేమిటి? వెంటనే సరిచేయండి.

నిటారుగా,
జ్ఞానప్రకాశం

తా.క. వెనక కాళ్ళ కింద నా పుస్తకాలు పెట్టి చూశాను. ప్రపంచాన్ని కదిలించడానికి రాసినవి. కుర్చీ కూడా కదల్లేదు.

జిగణి, జూన్ 7

జ్ఞానప్రకాశం సార్‌కు,

మీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించినా. శానా సంతోషం! నిద్ర పడతాదని చెప్పినోళ్ళు ఉండారు గానీ, ప్రభుత్వం మీద జాలి పుడతాదని చెప్పింది మీరే. బోర్డు మీద రాయించుకుంటాము.

సరిచేసేది కుదరదప్పా. ఆ వాలు కుదిరేలోగా పదకొండు కుర్చీలు విరిగినాయి.

అయినా వ్యాసం లేదంటారేమి? వారం వారం వస్తానే ఉండాది! బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడోళ్ళ గురించి రాసినారే, మా షెడ్డులో పనిచేసే శామ్యూల్ చదివి ఏడ్చినాడు.

ఇట్లు,
పాపక్క

తా.క. మీ పాత వ్యాసాలకూ ఏడ్చేవాడు. అర్థం కాక.

హూడి, జూన్ 10

పాపక్క గారికి,

నా కాలమ్ లేని పత్రిక చూడలేక నాలుగు వారాలుగా విప్పలేదు. ఇవాళ విప్పాను. నా పేరుంది, నా ఫోటో ఉంది. రాత నాది కాదు! వాక్యాలు పొట్టివి. మనుషుల పేర్లు, వాళ్ళ మాటలు ఉన్నాయి. ఎడిటర్ గురుమూర్తికి ఫోన్ చేస్తే, "ఇప్పుడు దారిలో పడ్డారు సార్, ఇలాగే కానివ్వండి" అన్నాడు.

కుట్ర అర్థమైంది. నన్ను మీ కుర్చీలో పడుకోబెట్టి, నా కాలమ్‌లో మీ మనిషిని కూర్చోబెట్టారు. వాడెవడో చెప్పకపోతే శనివారం మీ షెడ్డు ముందు ధర్నా!

ఇంకా నిటారుగానే,
జ్ఞానప్రకాశం

తా.క. ఈ ఉత్తరం వంటింటి గట్టు దగ్గర నిలబడి రాశాను. నా పాత చెక్క కుర్చీలో ఎప్పుడు చూసినా పద్మావతే.

జిగణి, జూన్ 13

ప్రకాశమప్పా,

వాడు కాదు, ఆమె.

పద్మావతమ్మ మా షెడ్డుకొచ్చి, "ఆయన కూర్చుంటే లేవని కుర్చీ కావల్ల" అనింది. వాలు ఎంతమ్మా అంటే, "ఆయన కోపమంత" అనింది. ఇరవై ఏండ్లు మీ రాతలు టైపు కొట్టి పంపింది ఆమే కదా. ఇప్పుడు తనవి పంపతా ఉండాది. బస్సులో బొమ్మనహళ్ళికి పోయి, ఆ ఆడోళ్ళతో కూర్చుని అడిగొచ్చింది. మీరెప్పుడన్నా పోయినారా?

నిన్న గురుమూర్తికి నిజం చెప్పేసిందంట. వచ్చే వారం నుంచి ఆ జాగాలో ఆమె పేరు, ఆమె ఫోటో.

ఇట్లు,
మీ మేలు కోరే పాపక్క

తా.క. శనివారం ధర్నా వద్దప్పా. ఆ పొద్దు మా షెడ్డులో ఆమెకు సన్మానం. మీరూ రండి, ముందు వరసలో కుర్చీ వేస్తాము. ఆనుకునేదే.