మోకాలి కింద దిండు

జూన్ 3

అమ్మమ్మను ఇంటికి తెచ్చాం. కుడి మోకాలికి కొత్త కీలు వేశారు. తాతయ్య గుమ్మంలోనే ఆపి, కీలు మార్చమంటే మనిషిని మార్చి పంపారేమో చూడాలన్నాడు. అమ్మమ్మ వాకర్ ఎత్తి చూపించింది. మనిషి మారలేదు.

జూన్ 4

ఫిజియో అక్క వచ్చింది. నొప్పి పదికి ఎంత అని అడిగింది. అమ్మమ్మ అంకె చెప్పలేదు. తొడలో సలుపు, కుట్ల దగ్గర చురుకు, మోకాలి వెనక గుంజుడు అంది. ఒక్క నొప్పికి ఎన్ని మాటలో! గుంజుడు ఫర్వాలేదట, ఎక్సర్‌సైజ్ చేస్తే వస్తుందట. పిక్క వాచి నొప్పెడితే మాత్రం వెంటనే ఫోన్ చేయమంది.

జూన్ 6

అమ్మమ్మ నొప్పి మాత్ర వేసుకోనంటోంది. ముగ్గుర్ని కన్నదాన్ని, ఈ మాత్రానికి మాత్రేమిటే అంటుంది. తీరా కాలు వంచగానే మంచం పట్టె పట్టుకుని అక్కను తిట్టింది. రెండు తిట్లు నాకు కొత్త. అర్థం అడిగితే పెద్దయ్యాక చెప్తానంది. ఓర్చుకుంటే మెడల్ ఎవరూ ఇవ్వరమ్మా, ఎక్సర్‌సైజ్‌కి అరగంట ముందే మాత్ర వేసుకోండి, అప్పుడు కాలు మీ మాట వింటుంది అని అక్క నవ్వింది.

జూన్ 7

వేసుకుంది. కాలు బాగా వంగింది. తర్వాత తువ్వాల్లో చుట్టిన ఐస్. హాయిగా ఉందా అంటే, చల్లగా ఉంది అంది. అంతకుమించి ఒప్పుకోదు.

జూన్ 12, సాయంత్రం

కాలు వంగుతోంది గానీ పూర్తిగా చాపడం రావట్లేదు. మోకాలికీ పరుపుకీ మధ్య నా పిడికిలి దూరేంత సందు. ఇలాగే బిగుసుకుపోతే కుంటాల్సి వస్తుందట. లేదా మళ్లీ మత్తిచ్చి చాపించాలట. అమ్మమ్మది టైలరింగ్ షాపు. రోజంతా కటింగ్ టేబుల్ ముందు నిలబడే పని.

ఎలా పడుకుంటున్నారని అక్క అడిగింది. తాతయ్య హుషారుగా చూపించాడు. అమ్మమ్మ నడుం వాల్చినప్పుడల్లా మోకాలి కింద మెత్తటి దిండు పెడుతున్నాడు. అక్క వచ్చే వేళకి తీసేసి, దుప్పటి సర్ది, మంచం నీట్‌గా ఉంచుతున్నాడు. అందుకే అక్క కంట పడలేదు.

అక్క కోప్పడలేదు. దిండు పెడితే హాయిగానే ఉంటుంది తాతగారూ, కానీ కాలు అలాగే వంగి బిగుస్తుంది. ఎత్తు మడమ కింద ఉండాలి, మోకాలు గాల్లో ఉండాలి అంది.

తాతయ్య వంటగదిలోకి వెళ్లి, పొడిగా ఉన్న గ్లాసుల్నే తుడుస్తూ నిలబడ్డాడు. అమ్మమ్మ ఆయనకు వినపడేలా, దిండు నేనే పెట్టమన్నాను అని అరిచింది. అబద్ధం.

జూన్ 13

మడమ ఇప్పుడు తాతయ్య ఒళ్లో. దేని మీద పెట్టినా జారిపోతోందట, తనైతే జారడట. కుర్చీ ఎదురుగా వేసుకుని, పేపర్లో ప్రకటనలన్నీ పైకి చదువుతాడు. పెళ్లినాటి నుంచి దాచుకున్న కక్ష తీర్చుకుంటున్నావని ఆమె. ఇంకో ప్రకటన ఉంది ఆగమని ఆయన.

జూన్ 19

అమ్మమ్మ ఏడ్చింది. చాలు, వదిలెయ్ అంది. తాతయ్య పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చదవడం ఆగిపోయింది. మడమ మాత్రం వదల్లేదు.

జూన్ 24

సందు తగ్గుతోంది. పిడికిలి దూరట్లేదు.

జూలై 5

మోకాలు పరుపుకి ఆనింది. అక్క రెండుసార్లు చూసింది. తాతయ్య లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. అమ్మమ్మ నిటారుగా నిలబడి ఆయనకు చెయ్యిచ్చింది.