బొమ్మరైలులో మొదటి సీటు

అమ్మా ఇంద్రాణీ, నాన్న దీవెనలు.

దసరా సెలవులకి నువ్వు పంపిన పిల్లలతో ఇల్లు కళకళలాడుతోంది. సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు. నిన్న మైత్రీబాగ్ పార్కులో వాళ్ళని బొమ్మరైలు ఎక్కించాను.

"తాతా, మమ్మీ చోటీగా ఉన్నప్పుడు ఏ సీట్లో కూర్చునేది?" అని నీ కూతురు ఛాయ అడిగింది.

ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు ఆగకూడదని అప్పట్లో సెలవుల్లో అందరి షిఫ్టులూ నేనే చేశాను, నిన్ను ఒక్కసారీ తీసుకెళ్ళలేదని పసిదానికి ఎలా చెప్పను? ఇంజను వెనక మొదటి సీటు చూపించాను. అది ఇంక ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదు తల్లీ. అప్పటినుంచి నాకు స్థిమితం లేదు.

ఫోనులో అడిగితే పనుందంటావని పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అల్లుడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆదివారం దుర్గ్ నుంచి నువ్వూ రా, ఆ రైలు ఎక్కుదువుగాని. నువ్వు ఎప్పుడొచ్చినా సరే, గేటు తెరవకముందే నేను అక్కడుంటాను.

నాన్న