జారిన క్యాచ్

శనివారం, అనంతపురం

సెలెక్టర్లు చూస్తుండగానే సునీత బౌలింగ్‌లో తేలికైన క్యాచ్ వదిలేశాను. పెద్ద లీగ్‌కి వెళ్లడానికి ఆ పిల్లకు దొరికిన ఒకే ఒక్క మ్యాచ్ ఇది. వికెట్ కీపర్‌నై ఉండి నేనే దాన్ని పాడుచేశాను. మొహం చూపించలేక తల వంచుకుంటే తనే దగ్గరికొచ్చింది.

"ఏమక్కా, అట్ల నిలబడిపోతివి? మగ్గం మీద పోగు తెగితే ముడేసి నేసుకుంటా పోవల్ల. కోపంతో ముడేస్తే పక్క పోగు గూడా తెగుతాదని మా నాయన చెప్తాంటాడు."

ధర్మవరం నేతగాళ్ల పిల్ల మరి!

"ఇంగోటి అట్లాంటిదే ఏస్తా. నీ చేతికే వస్తాది, పట్టుకో" అని వెళ్లింది.

నేనైతే ఇంకొకరి చేతుల్ని నమ్మకుండా నేరుగా వికెట్లకే వేసేదాన్ని. తను అదే చోట, అదే బంతి వేసింది. బ్యాట్ అంచుకు తగిలి నా గ్లవ్స్‌లోకి వచ్చింది. పట్టుకున్నాను. నేను గంతులేస్తుంటే, తను అప్పటికే తర్వాతి బ్యాటర్ కోసం ఫీల్డింగ్ సర్దుతోంది. దీనికి ఇంత గుండె ఎక్కడిది!

ఎవరిని తీసుకున్నారో రేపు చెబుతారట. పక్క మంచం మీద సునీత ఎప్పుడో నిద్రపోయింది. రెండోది పట్టిన నేను మాత్రం ఇంకా ఆ మొదటి క్యాచ్ గురించే రాస్తున్నాను.