పూజలో ఉన్న పెట్టె

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,
కొల్లేట్లో చేపలు పట్టి హనుమాన్ జంక్షన్‌లో అమ్ముకొను పోతురాజు వ్రాసుకొన్న అర్జీ.
అక్టోబరు, 2008

అయ్యా,

విషయం: ఆయుధపూజనాడు మూతపడిన ఉమ్మడి ఫోల్డరు తెరిపించి, మా అమ్మాయి కుల ధ్రువపత్రము ఇప్పించుట గురించి.

1. మా అమ్మాయి నాగమల్లేశ్వరికి రేపు విజయవాడలో నర్సింగు కౌన్సెలింగు. కుల ధ్రువపత్రము చూపనిచో సీటు వేరొకరికి పోవును. సదరు పత్రము దసరాకు ముందే తయారై, ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న నల్ల పెట్టెలోని ఫోల్డరులో భద్రముగా ఉన్నది. ప్రింటు తీసి తమరు సంతకము చేయుటే తరువాయి.

2. ఆయుధపూజనాడు అటెండరు మాణిక్యం గారు సదరు పెట్టె తీగ ఊడదీసి, శుభ్రముగా తుడిచి, వెనుక రంధ్రములకు గంధము, కుంకుమ అద్ది, బంతిపూల దండ వేసి హారతి ఇచ్చిరి. సంకల్పము తమ పేరున జరిగినది. మర్నాడు తమరు ట్రైనింగుకు వెళ్ళితిరి. నాటి నుండి ఫోల్డరు తెరుచుకొనుట లేదు.

3. ఆపరేటరు రాంబాబు గారు శక్తికొలదీ పాటుపడిరి. కంప్యూటరు ఆపి మరల వేసిరి. పాస్‌వర్డు మార్చిరి. మార్చినది మరచి మళ్ళీ మార్చిరి. "యాక్సెస్ లేదయ్యా, రేపు రా" అనిరి. మర్నాడు పక్క గది కంప్యూటరులో కూడా తెరుచుకోకపోగా, సమస్య తనది కాదని తేలినందుకు సంతోషించిరి. తీగ ఊడి గోడ పక్కన వేలాడుచుండుట ఆఫీసులో అందరికీ కనిపిస్తూనే ఉన్నది.

4. ఆ తీగ పెట్టమని మాణిక్యం గారిని బతిమాలితిని. "ఉద్వాసన చెప్పకుండా కదిపితే అరిష్టమయ్యా. సంకల్పం అయ్యగారిది. ఆయనొచ్చి చెప్పాల్సిందే" అన్నారు. రాంబాబు గారిని అడిగితే, "పూజ నా సెక్షన్ కాదు" అన్నారు. పోనీ కొత్తగా టైపు చేయమంటే, ఒకసారి తయారైన పత్రమును రెండోసారి తయారు చేయుట నిబంధనలకు విరుద్ధమట.

అయ్యా, మేమూ దసరాకు పడవకీ వలకీ పసుపు రాసి దండం పెట్టుకునేవాళ్ళమే. మర్నాడు తెల్లారేసరికి కొల్లేట్లో ఉంటాం. పడవ పూజలో ఉందని ఇంట్లో కూర్చుంటే మా పొయ్యి వెలగదు. తమ ఆఫీసువారి పొయ్యి వెలగడానికి పెట్టె తెరుచుకోనక్కర్లేదు, అంతే తేడా.

కావున తమరు విచ్చేసి, సదరు పెట్టెకు ఉద్వాసన చెప్పి, తీగ పెట్టించి, పత్రము నేడే ఇప్పించవలసినదిగా నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పోతురాజు

తా.క.: ఈ అర్జీ ఆఫీసులో ఇవ్వబోతే రాంబాబు గారు, "అక్కడ పెట్టు. పెట్టె తెరుచుకోగానే స్కాన్ చేసి అందులో వేస్తా, అయ్యగారు చూస్తారు" అన్నారు. తమరు ట్రైనింగు నుంచి వచ్చారని విని, అందుకని గుణదలలో తమ ఇంటికే తెచ్చాను. మా అమ్మాయి గేటు దగ్గర నిలబడింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పై రాతలో వెటకారం ఉంటే మన్నించండి, నాకు భయమేస్తోంది. ముహూర్తం చూడకండి బాబూ, చెప్పులేసుకుని రండి.