తమ్ముడే కదా కోసేది

శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాస్తున్నది. నా అక్షరాలు వంకరగా ఉంటాయనీ, గుణింతాలు తప్పుతాననీ మీకు తెలుసు. చదివింది నాలుగో తరగతి వరకే. ఈసారి తప్పులు ఇంకా ఎక్కువ ఉంటాయి, తొందరలో రాస్తున్నాను. నవ్వుకోకుండా చదవండి.

ఇక్కడ అందరం క్షేమం. అంటే అత్తయ్య, అక్కయ్య, నేను, బావగారు. బావగారైతే మరీ క్షేమం. మీరూ అక్కడ వేళకు తింటున్నారని అనుకుంటాను.

వంటింటి కప్పు కారుతోందా అని అడిగారు. కారుతోంది. రేకు మార్పిస్తానని బావగారు చెబుతూనే ఉన్నారు. చెప్పడంలో ఆయనకు ఏనాడూ అలుపు రాలేదు. నా దగ్గు తగ్గింది. పెద్దయ్య జ్వరం ఎలా ఉందని కూడా అడిగారు. ఎలా రాయాలో తెలియక దాన్ని చివరికి పెట్టుకున్నాను. పెద్దయ్య పోయాడు.

మీకు ఈత నేర్పిన మనిషి, బతుకంతా మన గొర్రెల వెంట నడిచిన మనిషి. మొదట ఒళ్లు నొప్పులన్నాడు. తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి, చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది, దెబ్బ తగలకుండానే చేతులనిండా కమిలిన మచ్చలు తేలాయి. ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో పెట్టి, మమ్మల్ని అద్దం బయటి నుంచే చూడనిచ్చారు. బావగారు మాత్రం వాకిట్లో కుర్చీ దిగకుండానే జబ్బు కనిపెట్టేశారు. "తాగి తాగి పోయాడు వెధవ" అన్నారు. పెద్దయ్య టీ తప్ప ఏమీ తాగడని ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ, ఇద్దరు మనుషులు పరిశోధన చేయడానికి మన దొడ్డికి వచ్చారు. పచ్చికలో తెల్లటి దుప్పటి ఈడ్చుకుంటూ తిరిగారు. గడ్డి కొసల మీద కాచుకున్న పిడుదులు, అవే గొర్రెల నెత్తురు పీల్చే పురుగులు, దానికి అంటుకుంటాయట. వాటిని పట్టకారుతో ఏరి సీసాల్లో వేశారు. గొర్రెల మెడ దగ్గర సూదితో నెత్తురు తీసుకున్నారు. బావగారు నలుగురినీ పోగేసుకుని నిలబడ్డారు.

"ఏమ్మా, దుప్పటి మురికి చేసుకోవడానికి మీ ఇంట్లో చోటు చాల్లేదా?" అన్నారు. అందరూ నవ్వారు.

డాక్టరమ్మకు కోపం రాలేదు. "పిడుదుల కోసమండీ. ఆయనకు వచ్చిన జ్వరం వీటి వల్లే వస్తుంది. కుట్టినా వస్తుంది, ఇవి పట్టిన జీవాల నెత్తురు తగిలినా వస్తుంది" అంది.

"గొర్రెలు ఎలా మేస్తున్నాయో చూడు. వాటికి లేని జబ్బు మనిషికెక్కడిదమ్మా?"

"అదే దీంతో చిక్కు. గొర్రెకు పైకి ఏమీ తెలియదు. మనిషికే ప్రాణం మీదికి వస్తుంది."

బావగారు ఒక గొర్రె చెవి తిప్పి, పిడుదును పీకి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి చిట్లించారు. "ఇదేనా మీ పులి?" అన్నారు. పెద్దయ్య కూడా రోజూ అలాగే చిట్లించేవాడు. పురుగుల మందు దండగని అతనికి ఆ విద్య నేర్పింది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

నవ్వినవాళ్లు వెళ్లిపోయాక బావగారు పెరట్లోకి వచ్చారు. "అమ్మాయ్, నీళ్లు పొయ్యి" అన్నారు. పోశాను. సబ్బుతో తోముకున్నారు, మళ్లీ తోముకున్నారు, గోళ్ల సందుల్లో పుల్ల పెట్టి గీక్కున్నారు. "వేణ్నీళ్లు లేవా?" అన్నారు. పులిని చంపిన మనిషి మొహం అలా ఉండదు.

నెత్తురు పరీక్ష ఫలితం వచ్చి, పిడుదుల మందు కొట్టేదాకా గొర్రెలను దొడ్డి దాటించవద్దని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. కోసేవాళ్లకే అందరికన్నా ప్రమాదమని, పచ్చి నెత్తురు చేతి మీది చిన్న గాటుకు తగిలితే చాలని కూడా చెప్పింది. పనివాళ్లు కూడా నెత్తురు ఇస్తే మంచిదంది. "ఆవిడకు నెత్తురిచ్చినవాడు మళ్లీ నా దొడ్డిలో అడుగు పెట్టక్కర్లేదు" అని బావగారు అందరికీ గట్టిగా చెప్పారు.

ఆ రోజు భోజనాల దగ్గర ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఫలితం వచ్చాక వీటిని ఎవడు కొంటాడు? ముందే లోడెత్తేద్దాం."

"ఎక్కడికి?" అంది అక్కయ్య.

"తమ్ముడు పనిచేసే కబేళాకి. తమ్ముడే కదా కోసేది, ఎవడడుగుతాడు?"

నేను వడ్డిస్తున్నాను. ఆయన నీళ్ల గ్లాసు ఎత్తారు. చొక్కా చేయి పైకి జరిగింది. మోచేతి మడతలో చిన్న దూది ఉండ, దాని మీద పట్టీ. పనివాళ్లను బెదిరించిన మనిషి, ఎవరూ చూడకుండా డాక్టరమ్మ గదికి వెళ్లి తన నెత్తురు ఇచ్చి వచ్చారు. అక్కయ్య కూడా చూసింది. కంచంలోకి తల వంచుకుంది. ఆవిడ తల వంచుకోవడం నాకు కొత్త కాదు.

తెలియక చేసేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. ఈయనకు తెలుసు. పిడుదు సంగతి తెలుసు, పెద్దయ్య ఎందుకు పోయాడో తెలుసు, కోసే చేయి ఎవరిదో తెలుసు. తెలిసే లోడెత్తించారు. ఇన్నాళ్లూ ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకునేదాన్ని, పెద్దవారని. ఇప్పుడూ తప్పుకుంటున్నాను, తొక్కకూడనిది ఏదో దారిలో పడి ఉన్నట్టు.

ఆ లారీ మీ దాకా రాలేదు. చెక్‌పోస్టు దగ్గర ఆపి, గొర్రెలను వెనక్కి తోలించారు. ఎవరో ముందే చెప్పారట. ఇక చూడాలి బావగారి వీరంగం. మొదట లారీ డ్రైవరు అన్నారు. తర్వాత పశువుల ఆసుపత్రి కాంపౌండరు అన్నారు. "ఎవడో మగాడి పనే ఇది. మన ఇంట్లో ఆడవాళ్లకు నోరెక్కడిది?" అని నా చేతి టీ తాగుతూ అన్నారు.

ఆ మగాడిని నేనే.

మీకు చెప్పకుండా వెళ్లాను. డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడితే, "ఏం కావాలమ్మా?" అంది. "ఏం లేదండీ" అని మెట్లు దిగేశాను. మళ్లీ ఎక్కాను. "గొర్రెలు బయలుదేరుతున్నాయండీ. అక్కడ మా ఆయన కోస్తారు" అన్నాను. ఆవిడ కుర్చీ జరిపి కూర్చోమంది. మీకు కోపం వస్తే రానివ్వండి. నాకు మాత్రం ఆ పూట నుంచి అన్నం సయిస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం రాయమన్నది బావగారే. ఎదురుగా కూర్చుని చెప్పి రాయించారు. "ఫలితాలు రాకముందే ఈసారి అడ్డదారిన లోడు పంపుతున్నాను. నువ్వు వెనక గేటు తీసి ఉంచు, కబేళా మేస్త్రీకి తెలియనీయకు, వచ్చినవాటిని వచ్చినట్టే కోసెయ్యి. అన్న మాట కాదనవని తెలుసు." ఆ కాగితం ఆయనకు చదివి వినిపించాను. "బాగా రాశావే" అని మెచ్చుకున్నారు. దాన్ని పొయ్యిలో పెట్టి, ఇది రాస్తున్నాను.

అన్న మాట మీరు ఎప్పుడూ కాదనలేదు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. మిమ్మల్ని కబేళాకు పంపిందీ ఆయనే, ఎందుకని మీరు అడగలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం మంచివాళ్లమని పేరు తెచ్చుకున్నాం, ఆ పేరు ఆయనకే పనికొచ్చింది.

ఇది పోస్టులో వేసి, అటు నుంచి అటే డాక్టరమ్మ దగ్గరకు వెళ్తున్నాను. అడ్డదారి సంగతి, వెనక గేటు సంగతి చెప్పేస్తాను. మీరు కూడా మేస్త్రీతో ముందే చెప్పండి. గేటు ముట్టుకోకండి. అన్నగారి మొహం చూసి మీరు గేటు తీశారని తెలిస్తే, మీ పేరు కూడా డాక్టరమ్మకు నేనే చెబుతాను. ఆ పని చేయడం నాకు చేతనవుతుంది, నేర్చుకున్నాను.

చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు,
మీ చేతులు బాగుండాలని కోరుకునే
మీ భార్య